చెక్కకు చిల్లు పెట్టకుండా నాబ్‌లో దీపం

టొరంటోలో చలికాలం వచ్చిందంటే గిటార్ రిపేర్ షాపులకు చేతినిండా పనే. హీటర్ల వేడికి లోపలి గాలి పొడిబారిపోతుంది. వేళ్లతో తీగలు నొక్కే ఫ్రెట్‌బోర్డు చెక్క కుంచించుకుపోయి, దాని మీది లోహపు కమ్మీల (ఫ్రెట్ల) అంచులు బయటికి పొడుచుకొచ్చి వేళ్లకు గీసుకుంటాయి. ఆ నెలల్లో మా షాపులో అందరి చేతుల్లోనూ ఆకురాళ్లే. మధ్యలో వైరింగ్ పని ఏదైనా తగిలితే మాత్రం నా బల్ల మీదికి వస్తుంది. ఏలూరులో టీవీలు, టేప్‌రికార్డర్లు బాగుచేసిన వాణ్ని కదా.

అలా వచ్చిందే ఈ పని. బార్లలో వాయించే ఒక పెద్దాయన, చేతిలో 1970ల నాటి స్ట్రాటోకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్. "స్టేజీ మీద లైట్లు తగ్గిస్తే వాల్యూమ్ ఎంతలో ఉందో కనపడట్లేదు. నాబ్‌లలో దీపాలు పెడతావా? నీలం రంగు అయితే బాగుంటుంది" అన్నాడు.

ఎల్‌ఈడీ, కరెంటును అదుపులో పెట్టే రెసిస్టర్, బ్యాటరీ. ఇందులో ఏముంది అనిపిస్తుంది. కానీ ఈ రకం గిటార్‌లో బ్యాటరీయే ఉండదు. తీగ ఊగితే దాని కింద ఉండే పికప్ అనే భాగంలోని అయస్కాంతం, రాగి చుట్ట కలిసి కాస్తంత కరెంటు పుట్టిస్తాయి, అది నాబ్‌ల కింద ఉండి వాల్యూమ్, టోన్ మార్చే పాట్‌ల మీదుగా, కేబుల్ గుచ్చే జాక్‌కి పోతుంది. దీపానికి సరిపడా శక్తి అందులో లేదు.

ఊళ్లో అయితే డ్రిల్ తీసుకుని బ్యాటరీకో గూడు, దీపాలకు తలా ఓ చిల్లు. ఇక్కడ డ్రిల్ మాటెత్తగానే మా ఓనర్ మొహం మాడిపోయింది. "చెక్క ముట్టుకోకు. నువ్వు పెట్టిందంతా రేపు తీసేస్తే గిటార్ ముందెలా ఉందో అలాగే ఉండాలి" అన్నాడు. పాత గిటార్‌కి కొత్త చిల్లు పడితే ధర పడిపోతుంది మరి. ఈ నియమంలో వాయిద్యం మీద గౌరవం కన్నా మారుబేరం మీద భయమే ఎక్కువని నా అనుమానం.

దారి ఆ గిటార్‌లోనే ఉంది. స్ట్రాటోకాస్టర్‌లో పికప్‌లు, పాట్‌లు, స్విచ్ అన్నీ పిక్‌గార్డ్ అనే ప్లాస్టిక్ పలకకే బిగించి ఉంటాయి. అసలు పలకను వైరింగ్‌తో సహా ఊడదీసి సంచిలో పెట్టి ఆయన చేతికే ఇచ్చేశాం. చిల్లులేవో కొత్త పలకకు పెట్టుకున్నాం.

అసలు తంటా అక్కడ మొదలైంది. మామూలు పాట్ 24 మిల్లీమీటర్ల వెడల్పు. నాబ్ కూడా కాస్త అటూఇటూగా అంతే, ఇక నాబ్ కింద దీపానికి చోటేదీ? 16 మిల్లీమీటర్ల మినీ పాట్ వేస్తే దాని పక్కన 3 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీ పట్టింది. అయితే మినీ పాట్ కడ్డీకి 18 పళ్లు, అమెరికా కొలత పాట్‌కి 24. ఒకదాని నాబ్ ఇంకోదానికి ఎక్కదు. వెలుగు పారే నాబ్‌లు ఆ కొలతలో వెతికి తెప్పించాం. దీపాన్ని వాయించేవాడి వైపు పెట్టాను. నాబ్ తిరుగుతుంది, దీపం కదలదు. వెలుగు ఏ అంకె కింద ఉంటే వాల్యూమ్ అంత.

నీలం కుదరలేదు. లోపల పట్టేది 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ. నీలం ఎల్‌ఈడీకి దాదాపు ఆ 3 వోల్టులూ కావాలి, బ్యాటరీ కాస్త దిగితే గుడ్డిదైపోతుంది. ఎరుపుకి రెండు లోపే చాలు. పైగా చీకటికి అలవాటుపడిన కళ్లను ఎరుపు చెదరగొట్టదు. ఒక్కోదానికి 2.2 కిలో ఓమ్‌ల రెసిస్టర్ వేస్తే మూడు నాబ్‌ల దీపాలూ కలిపి మిల్లీ ఆంపియర్‌న్నర తాగుతాయి. బ్యాటరీ వంద గంటలకు పైనే వస్తుంది. మిణుకుమిణుకుమనే దీపాలు మాత్రం వద్దన్నాను, ఆ కొట్టుకోవడం పికప్‌లోకి దూరి స్పీకర్‌లో కీచుమంటుంది.

స్విచ్ వేరే పెట్టలేదు. మోనో జాక్ తీసేసి, లోపల ఒక కాంటాక్టు ఎక్కువుండే స్టీరియో జాక్ వేసి, బ్యాటరీ నెగటివ్‌ని ఆ కాంటాక్టుకి కలిపాను. కేబుల్ గుచ్చగానే అది గ్రౌండ్‌కి కలిసి దీపాలు వెలుగుతాయి, లాగేస్తే ఆరిపోతాయి.

బిల్లు చూసి ఉలిక్కిపడింది నేనే. సామాన్లకు కొన్ని డాలర్లు, మిగతాదంతా గంటల లెక్కన కూలి. ఏలూరులో టీవీలో వేసిన ఐసీకి (చిప్‌కి) డబ్బులిచ్చి, నా పనికి ఇవ్వాల్సి వచ్చేసరికి బేరమాడేవాళ్లు. ఈయన కిమ్మనకుండా కట్టాడు.

"వాయించడం అయ్యాక కేబుల్ లాగెయ్యండి, లేదంటే రాత్రంతా వెలుగుతూనే ఉంటాయి" అని చెప్పాను. సరే అని, దీపాలు వెలుగుతుండగానే ఫొటో తీసుకుని, మనవరాలికి నీలమని మాటిచ్చానే అంటూ గొణుక్కున్నాడు.