మాడ్‌ఫ్లో నడిచింది, నా బోరులో నీళ్లు పెరిగాయి

భూగర్భ జలాల మోడలింగ్ అంటే పెద్ద సర్వర్ ఉండాలేమో అనుకుని చాలా రోజులు ఆ జోలికే పోలేదు. తీరా చూస్తే నా పాత ల్యాప్‌టాప్ సరిపోయింది. నేల లోపల నీరు ఎలా కదులుతుందో లెక్కగట్టే అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ల మాడ్‌ఫ్లో ఉచితమే. 1980లలో ఫోర్ట్రాన్ అనే కంప్యూటర్ భాషలో పుట్టిన ప్రోగ్రామ్ అది. నేను దించుకున్నది మాడ్‌ఫ్లో 6.

జిప్ విప్పితే సెటప్ ఫైల్ ఏదీ కనిపించలేదు. బిన్ ఫోల్డర్‌లో ఎంఎఫ్6 అని ఒకటుంటే డబుల్ క్లిక్ చేశాను. నల్లటి విండో ఒకటి ఇలా వచ్చి అలా మాయమైంది. ఫైల్ పాడైందేమోనని మళ్లీ దించుకున్నాను కూడా! అసలు సంగతి వేరే. అది తనను పిలిచిన ఫోల్డర్‌లో ఎంఎఫ్‌సిమ్.నామ్ అనే ఫైల్ (మోడల్‌కు ఏ ఫైళ్లు వాడాలో చెప్పే జాబితా) కోసం వెతుకుతుంది. దొరక్కపోతే ఆ మాట చెప్పి ఆగిపోతుంది, మనం చదివేలోపే విండో మూసుకుపోతుంది. బిన్ ఫోల్డర్‌ను పాత్‌లో (ప్రోగ్రామ్‌ల కోసం విండోస్ వెతికే ఫోల్డర్ల జాబితాలో) చేర్చి, కమాండ్ ప్రాంప్ట్‌లో మోడల్ ఫోల్డర్‌కి వెళ్లి పిలిచాను. జిప్‌తో వచ్చిన ఉదాహరణ చిటికెలో పూర్తయి 'నార్మల్ టెర్మినేషన్' అంది. ఆ రెండు మాటలు చూసి ఎంత సంబరపడ్డానో.

అసలు టెన్షన్ నా సొంత మోడల్‌తో మొదలైంది. నేలను గడులుగా విడగొట్టాను: ఒకే పొర, 100 అడ్డు వరుసలు, 100 నిలువు వరుసలు, నడిమధ్య ఒక బోరు. ఇన్‌పుట్ ఫైళ్లు ఫ్లోపై అనే పైథాన్ ప్యాకేజీతో రాయించాను. మొదటిసారి నడిపితే బోరు చుట్టూ నీటిమట్టం పైకి లేచింది. తోడే నీటికి మైనస్ గుర్తు పెట్టాలి. నేను పెట్టలేదు, దాంతో అది నీళ్లు ఎక్కించే బోరైపోయింది.

గుర్తు సరిచేశాక మట్టం దిగింది, అదీ కనీకనిపించనంత. దీని దగ్గర రెండు రోజులు కొట్టుకున్నాను. పారగమ్యత (నేల నీటిని ఎంత సులువుగా పారనిస్తుందో చెప్పే అంకె) రోజుకు మీటర్లలో ఇచ్చి, పంపింగ్ మాత్రం సెకనుకు 5 లీటర్లు కదా అని '-5' రాసేశాను. ప్రోగ్రామ్‌కు ప్రమాణాలతో పనిలేదు, ఇచ్చిన అంకెను ఇచ్చినట్టే వాడుకుంటుంది. మీటర్లు, రోజుల లెక్కలో అది 432 ఘనపు మీటర్లు కావాలి. ఇంత తప్పులోనూ ప్రోగ్రామ్ ఫలితాలు రాసే లిస్టింగ్ ఫైల్‌లో నీటి బడ్జెట్ తేడా 0.00 శాతమే! వచ్చిన నీరు, పోయిన నీరు సరిపోయాయా అన్నదే ఆ పట్టిక చూస్తుంది. తప్పు అంకెకైనా జమాఖర్చు కుదురుతుంది.

'-432' పెట్టాక నీటిమట్టాల మ్యాప్ మొత్తం ఒకే రంగులోకి మారింది. బోరున్న గడి ఎండిపోయి, ప్రోగ్రామ్ దాన్ని పక్కన పెట్టేసి, మట్టం స్థానంలో 1 పక్కన 30 సున్నాలున్న రుణ సంఖ్య రాసింది. రంగుల స్కేలంతా దానికే పోయింది. గడితోపాటు పంపింగ్ కూడా ఆగిపోయింది. ఎండే గడిని కూడా లెక్కలోనే ఉంచే న్యూటన్ ఆప్షన్ పెట్టి, బోరుకు ఆటో ఫ్లో రెడ్యూస్ ఇచ్చాక గడి బతికింది. నీరు అడుగంటేకొద్దీ పంపింగ్ దానంతటదే తగ్గింది. ఎంత తగ్గిందో మళ్లీ ఆ లిస్టింగ్ ఫైల్ తెరిచి చూసుకున్నాను.

ఇప్పుడు బోరు ఫైల్‌లో మొదటి లైన్‌గా హ్యాష్ గుర్తు పెట్టి 'రోజుకు ఘనపు మీటర్లు, తోడితే మైనస్' అని రాసుకుంటున్నాను. హ్యాష్ పెట్టిన లైన్‌ను ప్రోగ్రామ్ చదవదు. అది నాకోసమే.