వడ్రంగి పేరున్న కిటికీ

కారు దిగి ఆ ఇంటిని చూడగానే నాన్న అడిగిన మొదటి మాట, "ఏ కర్ర తల్లీ ఇది?" ఓక్ అని చెప్పాను. "చేవ గట్టిదే" అంటూ అక్కడే నిలబడిపోయారు. గోదావరి పల్లెల్లో నలభై ఏళ్లు ఉలి పట్టి, ద్వారబంధాలూ మండువా ఇళ్ల స్తంభాలూ చేసిన మనిషి ఆయన. మొదటిసారి ఇంగ్లండ్ వచ్చిన నాన్నకు లండన్ కంటే ముందు ఒక మంచి కలప ఇల్లు చూపించాలని నా కోరిక. మాంచెస్టర్ నుంచి సుమారు గంట ప్రయాణంలో, చెషైర్‌లోని కాంగిల్టన్ ఊరికి దగ్గరగా ఉన్న లిటిల్ మోర్టన్ హాల్‌కు అందుకే తీసుకువెళ్లాను.

చుట్టూ నీళ్లు నిండిన కందకం. దాని వెడల్పు 10 మీటర్లు. నీళ్లకు అవతల నల్లటి దూలాలు, తెల్లటి గోడలు, వేల గాజుపలకల కిటికీలు. ఒక్క గీత కూడా నిటారుగా లేదు. పై అంతస్తు కింది అంతస్తు మీదికి పొడుచుకొచ్చి, ఒక పక్కకు ఒరిగి ఉంది. మోర్టన్లనే భూస్వాముల కుటుంబం 1504 ప్రాంతంలో మొదలుపెట్టి, దాదాపు 1610 దాకా తరతరాలుగా పెంచుకుంటూ పోయిన ఇల్లు ఇది. ముందుగా గీసుకున్న నమూనా ఏదీ లేదు. అవసరం వచ్చినప్పుడల్లా ఒక గదో వసారానో చేర్చారు.

ముందు రాతి పునాది, దాని మీద ఓక్ దూలాల చట్రం. ఇంటి బరువంతా మోసేది ఆ చట్రమే. ఇలాంటి ఇళ్లలో దూలాల మధ్య ఖాళీల్లో తడిక అల్లి, దానికి మట్టి మెత్తేవారు. "మన తడిక గోడే కదా!" అన్నారు నాన్న సంబరంగా. ఆ కాలపు వడ్రంగులు పచ్చి ఓక్‌నే కోసి వాడేవారని, అది ఎండేకొద్దీ మెలితిరిగి అతుకులు బిగుసుకునేవని చెప్పాను. ఆయనకు ఆ మాట రుచించలేదు. కర్రను ఏళ్ల తరబడి నీడన ఆరబెట్టకుండా ముట్టుకోని పనితనం ఆయనది. కానీ ముంగిట్లో ఒక మూల స్తంభం దగ్గర వంగి, కుసి, అంటే దూలం చివర సన్నగా చెక్కిన కొస, వెళ్లి బెజ్జంలో కూర్చున్న చోటును, దాన్ని పట్టి ఉంచిన చెక్క చీలను దగ్గరగా చూశారు. వేలి గోరు దూరే సందు కూడా లేదు. "ఎండిన తర్వాత ఇంత బిగువుగా ఉందంటే, ఎంత ఎండుతుందో ముందే లెక్క కట్టుకున్నాడు" అన్నారు. ఎదురుగా లేని మనిషిని ఆయన అంత గౌరవంగా తలుచుకోవడం నేను అంతకుముందు వినలేదు.

మెట్లెక్కి లాంగ్ గ్యాలరీకి వెళ్లాం. ఇల్లంతా వంకరపోవడానికి కారణం ఈ గదే. 1560 ప్రాంతంలో ఇంటి దక్షిణపు భాగం కడుతున్నప్పుడు, రెండు అంతస్తుల మీద దీన్ని మూడోదిగా చేర్చారు. 21 మీటర్ల పొడవు, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కిటికీలే. దాని మీద కప్పినవి పెంకులు కావు, బండరాతి పలకలు. ఆ బరువుకు కింది చట్రం నలిగి వంగింది. నేల అలల్లా ఎగుడుదిగుడుగా ఉంది. నడుస్తుంటే పడవలో ఉన్నట్టు అనిపించి నాన్న చేయి పట్టుకున్నాను. ఆయన చూపు మాత్రం పైకప్పు మీదే ఉంది. విల్లులా వంచిన కమానుల మధ్య అడ్డంగా వేసిన దూలాలను చూపించి, "ఇవి తర్వాత వేసినవి, గోడలు బయటికి విచ్చుకుంటుంటే ఆపడానికి" అన్నారు. అక్కడి కార్యకర్తను అడిగాను. నిజమే, అవి బహుశా పదిహేడో శతాబ్దంలో చేర్చినవని ఆమె చెప్పింది. వాన పడే రోజుల్లో ఇంటివాళ్లు ఇక్కడే నడిచేవారట, ఆడుకునేవారట. గోడ చెక్కల వెనక ఆ కాలపు టెన్నిస్ బంతులు నాలుగు దొరికాయి కూడా.

పార్లర్‌లో చెక్క పలకల వెనక 1976లో బయటపడిన గోడ బొమ్మలున్నాయి, బైబిల్ సంప్రదాయంలోని సుసన్న కథ. చూడదగ్గవే, కానీ మా మనసు అప్పటికే కలప మీద ఉంది.

ఈ ఇల్లు మిగలడానికి డబ్బు లేకపోవడం కూడా ఒక కారణమని నాకనిపిస్తుంది. 1640లలో ఇంగ్లండ్ రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరిగిన అంతర్యుద్ధంలో మోర్టన్లు రాజు పక్షాన నిలిచి అప్పుల్లో కూరుకుపోయారు. ఇల్లు కౌలు రైతుల చేతికి వెళ్లింది. ప్రార్థన మందిరంలో బొగ్గు పోసుకున్నారు. చేతినిండా డబ్బుంటే పడగొట్టి ఇటుకతో కట్టించేవారేమో. చివరికి సన్యాసినిగా జీవించిన ఎలిజబెత్ మోర్టన్ వారసురాలై, మందిరాన్ని బాగుచేయించి, ఇంటిని ఎప్పటికీ అమ్మకూడదనే షరతు మీద బంధువుకు అప్పగించింది. 1938లో అది పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతికి వచ్చింది.

తిరిగి ముంగిట్లోకి వచ్చాక, లోపలికి వెళ్లేటప్పుడు చూడనిది కనిపించింది. బయటికి పొడుచుకొచ్చిన రెండు పెద్ద కిటికీల మీద, కలపలోనే చెక్కిన అక్షరాలు. పాత ఇంగ్లీషు, తీరుతెన్ను లేని వర్ణక్రమం. మెల్లగా కూడబలుక్కుని తెలుగులో చెప్పాను: దేవుడే అన్నిటా అన్నీ. ఈ కిటికీలు 1559లో విలియం మోర్టన్ చేసినవి. దేవుడి దయతో ఈ కిటికీలను చేసినవాడు రిచర్డ్ డేల్, వడ్రంగి.

"ఇద్దరూ చేశారా?" అని అడిగారు నాన్న.

మూలంలో ఇద్దరికీ ఒకే మాట వాడారని చెప్పాను. మన భాషలో అయితే ఒకరు చేయించారు, ఒకరు చేశారు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తాను చేసిన గుమ్మాల మీద ఇంటి యజమానుల పేర్లు ఎన్నిసార్లు చెక్కారో నాకు తెలుసు.

"ఆ వడ్రంగి పేరు మళ్లీ చదువు" అన్నారు. చదివాను.

ఫొటో అంటే ఎప్పుడూ పక్కకు తప్పుకునే నాన్న, ఆ కిటికీ కింద చొక్కా సర్దుకుని నిలబడ్డారు. ఇల్లంతా రాకపోయినా ఫరవాలేదనీ, ఆ పేరు మాత్రం స్పష్టంగా పడాలనీ చెప్పారు.