'ది ఎండ్'లో లేని నాలుగో మనిషి

నిన్న రాత్రి అందరూ పడుకున్నాక ఇంగ్లండ్ హెవీ మెటల్ బ్యాండ్ బ్లాక్ సబ్బత్ వాళ్ళ 'ది ఎండ్' మళ్ళీ పెట్టుకున్నాను. 2017 ఫిబ్రవరి 4న బర్మింగ్‌హామ్‌లో, అంటే వాళ్ళ సొంత ఊళ్ళో, చివరి టూర్‌లో చివరి షో. అంతకుముందు ఏడాది జనవరిలో అమెరికాలోని ఒమాహాలో మొదలుపెట్టి, 81 షోలు తిరిగి ఇంటికొచ్చి ముగించారు. 2017 నవంబర్‌లోనే అది ఆల్బమ్‌గా, వీడియోగా వచ్చింది. నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. విన్న ప్రతిసారీ ఒక చోట మనసు కాస్త అడ్డం తిరుగుతుంది. అదేంటో చెప్పుకుందామనే ఈ పోస్టు.

మొదట నా సంగతి. నేను సబ్బత్‌ని సరైన వరసలో వినలేదు. ఇంజనీరింగ్ హాస్టల్లో రూమ్మేట్ దగ్గర మార్కర్‌తో 'సబ్బత్ లైవ్' అని రాసిన సీడీ ఒకటి ఉండేది, కవర్ లేదు, పాటల పేర్లు లేవు, 'ట్రాక్ 01, ట్రాక్ 02' అంతే. "ఒరేయ్, లైటు తీసేసి విను" అన్నాడు, తీసేసి విన్నాను. చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు అది 'రీయూనియన్' అనే ఆల్బమ్ అని, 1997 డిసెంబర్‌లో నలుగురు పాతవాళ్ళూ కలిసి బర్మింగ్‌హామ్ ఎన్ఈసీ హాల్లో వాయించిన షోల రికార్డింగ్ అని. అంటే స్టూడియో ఆల్బమ్‌ల కంటే ముందు నా చెవికి అలవాటైంది యాభైకి దగ్గరపడుతున్న మనుషులు జనం ముందు వాయించిన సబ్బత్. అందుకే నా తీర్పులో పక్షపాతం ఉంది, ముందే ఒప్పేసుకుంటున్నా.

అసలు విషయం ఏంటంటే, 'ది ఎండ్' రికార్డ్ చేసింది కూడా ఆ హాల్లోనే. ఎన్ఈసీ అరీనా పేరు మారి 2017 నాటికి జెంటింగ్ అరీనా అయింది, అంతే తేడా. అదే ఊరు, అదే హాలు, ఇరవై ఏళ్ళ ఎడం, చాలావరకు అవే పాటలు. అసలు నలుగురిలో మారింది ఒక్క డ్రమ్మర్. 1997లో బిల్ వార్డ్, 2017లో టామీ క్లుఫెటోస్. పోల్చి వినడానికి ఇంతకంటే మంచి జత ఎక్కడ దొరుకుతుంది చెప్పండి.

బిల్ వార్డ్ ఎందుకు లేడో తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో: 2011 నవంబర్‌లో నలుగురూ మళ్ళీ కలుస్తున్నామని ప్రకటించారు, మూడు నెలలు తిరక్కుండానే వార్డ్ తనకిచ్చిన కాంట్రాక్టు సంతకం పెట్టేలా లేదని తప్పుకున్నాడు. అవతలివైపు నుంచి ఆయన ఆరోగ్యం అంతసేపు వాయించేలా లేదన్న మాట వచ్చింది. ఎవరిది తప్పో తేల్చే పని నాకొద్దు. 2013లో వచ్చిన '13' ఆల్బమ్‌కి బ్రాడ్ విల్క్ వాయించాడు, టూర్లకి గాయకుడు ఆజీ ఆజ్‌బర్న్ సొంత బ్యాండ్‌లో ఉన్న క్లుఫెటోస్ వచ్చాడు. 'ది ఎండ్' టూర్ ఫోటోల్లో ముగ్గురే ఉంటారు. ఆజీ, గిటార్ వాయించే టోనీ, బేస్ గిటార్ వాయించే గీజర్.

క్లుఫెటోస్‌ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. మనిషి రాక్షసుడు. మిగతా ముగ్గురి కంటే ముప్పై ఏళ్ళు చిన్నవాడు, రెండు గంటల షోని భుజాన వేసుకుని లాక్కెళ్ళాడు. మధ్యలో 'ర్యాట్ సలాడ్' నుంచి మొదలయ్యే డ్రమ్ సోలో ఉంది చూడండి, అది పెద్దాయన ఆజీ కాస్త కూర్చుని నీళ్ళు తాగడానికి పెట్టిన విరామమని అందరికీ తెలుసు, అయినా చూస్తూ ఉండిపోతాం. కానీ ఆయన బీట్ గోడలా ఉంటుంది, నిటారుగా, ఎక్కడా పగులు లేకుండా. వార్డ్ అలా వాయించడు. జాజ్ వింటూ పెరిగిన మనిషి, చెయ్యి ఊగుతుంది. మన కచేరీల్లో మంచి మృదంగం ఆయన తాళం వెంట మాత్రమే కాకుండా సాహిత్యం ఎటు వంగితే అటు వంగుతాడు చూశారా, వార్డ్ టోనీ రిఫ్ (మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ ముక్క) వెంట అలా వంగుతాడు. కొన్నిసార్లు కాస్త వెనకబడతాడు, కొన్నిసార్లు తొందరపడతాడు, పాట పడిపోతుందేమో అనిపించి పడిపోదు.

'వార్ పిగ్స్' పెట్టి చూడండి. గిటార్ రెండు దెబ్బలు వేసి ఆగిపోతుంది, ఆ ఖాళీలో హై-హాట్ (డ్రమ్ సెట్‌లోని జోడు సింబల్స్) టిక్ టిక్ మాత్రమే, దాని మీద ఆజీ గొంతు. 2017లో ఆ టిక్ టిక్ గడియారం. 1997లో అదే చోట వార్డ్ సింబల్‌ని కొంచెం తెరుస్తాడు, మూస్తాడు, ఖాళీ ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది. ఈ ఒక్క చోటు కోసమే నేను రెండు ఆల్బమ్‌లూ పక్కపక్కన పెట్టి అర్ధరాత్రి హెడ్‌ఫోన్స్‌లో నాలుగైదు సార్లు అటూ ఇటూ తిప్పాను. మా ఆవిడ నీళ్ళకని లేచి వచ్చి, స్క్రీన్ మీద ఆజీని చూసి, "ఏమండీ, ఆ తాతగారు ఎందుకలా అరుస్తున్నారు, వాళ్ళింట్లో వాళ్ళు ఏమీ అనరా?" అంది. వాళ్ళావిడే ఆయన మేనేజర్ అని చెప్పాను. నమ్మలేదు.

ఆజీ గొంతు గురించి అబద్ధం చెప్పను. 68 ఏళ్ళు. శ్రుతి అక్కడక్కడ జారుతుంది. 'సబ్బత్ బ్లడీ సబ్బత్' పాడకుండా, 'సూపర్‌నాట్', 'మెగలోమేనియా'లతో కలిపి వాద్యాల మెడ్లీగా వాయించేశారు, ఆ పైస్థాయి ఇక అందదనే అలా చేశారని నా అనుమానం. కానీ మొదటి పాట 'బ్లాక్ సబ్బత్'లో ఆ గొంతులోని అరుగుదలే పనికొచ్చింది. వాన చప్పుడు, గంట, ఆ తర్వాత మూడే స్వరాల రిఫ్. 1970 ఫిబ్రవరి 13, శుక్రవారం నాడు వచ్చిన మొదటి ఆల్బమ్‌లో మొదటి పాట అదే. ఇరవై ఏళ్ళ కుర్రాడు భయపడుతున్నట్టు పాడిన పాటని అరవై ఎనిమిదేళ్ళ మనిషి పాడితే అది భయంలా లేదు, తెలిసిన మనిషెవరో గుమ్మంలోకి వచ్చినట్టుంది.

ఇక టోనీ అయోమీ. ఈ వీడియోలో కెమెరా ఆయన కుడిచేతి మీదకి వెళ్ళినప్పుడల్లా నేను చూపు తిప్పుకోలేను. పదిహేడేళ్ళప్పుడు రేకుల ఫ్యాక్టరీలో, ఉద్యోగానికి ఆఖరి రోజున, మెషీన్ కింద పడి మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం మనిషి కాబట్టి తీగలు నొక్కేది ఆ కుడిచేత్తోనే. ఇక గిటార్ లేదనుకుని కూర్చుంటే, అక్కడి ఫోర్‌మన్ జాజ్ గిటారిస్టు జాంగో రీన్‌హార్ట్ రికార్డు ఒకటి తెచ్చి వినిపించి, ఇతను రెండు వేళ్ళతో వాయిస్తున్నాడు అని చెప్పాడు. టోనీ ఇంటికెళ్ళి అంట్లు తోమే లిక్విడ్ సబ్బు సీసా కరిగించి, వేళ్ళకి తొడుగులు చేసుకుని, తోలు అంటించుకున్నాడు. బలంగా నొక్కలేడు కాబట్టి సన్నటి తీగలు కట్టాడు, 1971 నాటికి 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'లో కొన్ని పాటలకి తీగల్ని మామూలు శ్రుతి కంటే ఒకటిన్నర మెట్టు కిందకి వదులు చేశాడు. హెవీ మెటల్ అంటే అందరికీ గుర్తొచ్చే ఆ బరువు, ఆ లోతు, చాలావరకు ఈ తెగిన వేళ్ళ సర్దుబాటులోంచే వచ్చింది. 'ఇన్‌టు ద వాయిడ్' మొదలైనప్పుడు అది కడుపులో తెలుస్తుంది, చెవితో పని లేదు.

2012లో ఆయనకి లింఫోమా అనే క్యాన్సర్ అని తేలింది. చికిత్స మధ్యలోనే '13' రికార్డ్ చేశారు, టూర్ల మధ్య మళ్ళీ మళ్ళీ వైద్యానికి ఇంటికెళ్ళేవాడు. టూర్లకి స్వస్తి చెప్పడానికి ముఖ్య కారణం ఆయన ఒంట్లో ఓపికే. అది మనసులో పెట్టుకుని 'డర్టీ విమెన్' చివర్లో ఆ పొడుగాటి సోలో వినండి. 1976 నాటి పాట, అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఇక్కడ మాత్రం ఈ మొత్తం రికార్డింగ్‌లో నాకు ఎక్కువ ఇష్టమైన నిమిషాలు అవి. కంగారు లేదు, చూపించుకోవాలన్న తాపత్రయం లేదు, ఇంటికెళ్ళే బస్సు ఎలాగూ ఇదే ఆఖరిది అని తెలిసినవాడి నడక.

గీజర్ బట్లర్ గురించి ఒకటే మాట: 'ఎన్.ఐ.బీ.'కి ముందు ఆయన ఒంటరిగా వాయించే బేస్ ముక్క కోసం మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, ఫోన్ స్పీకర్లో వింటే పాపం తగులుతుంది. కీబోర్డు వాయించింది ఆడమ్ వేక్‌మన్. వాళ్ళ నాన్న రిక్ వేక్‌మన్ 1973లో ఇదే బ్యాండ్ ఆల్బమ్‌లో ఒక పాటకి వాయించాడు. కొడుకు స్టేజీ పక్కనెక్కడో ఉంటాడు, వీడియోలో వెతుక్కోవాలి.

'పారనాయిడ్'తో ముగుస్తుంది. పైనుంచి బెలూన్లు, రంగు కాగితాలు. వంగి దండం పెట్టి వెళ్ళిపోతారు. మొదటిసారి చూసినప్పుడు నాకు ఏడుపు రావాలి, రాలేదు, ఏదో లెక్క తేలనట్టు అనిపించింది.

ఆ లెక్క 2025 జులై 5న తేలింది. అదే బర్మింగ్‌హామ్, విల్లా పార్క్ స్టేడియం, వాళ్ళు పెరిగిన ఆస్టన్ పేటలోనే ఉంటుంది. పార్కిన్సన్స్ జబ్బుతో నిలబడలేని ఆజీ నల్లటి సింహాసనం మీద కూర్చుని పాడాడు. డ్రమ్స్ వెనక బిల్ వార్డ్. వాయించింది నాలుగే పాటలు, మొదటిది 'వార్ పిగ్స్'. డెబ్భై ఏడేళ్ళ చెయ్యి, అక్కడక్కడ తడబడింది, నాకు వినపడింది. ఆ ఖాళీల్లో హై-హాట్ మాత్రం గడియారంలా లేదు.

పదిహేడు రోజుల తర్వాత, జులై 22న, ఆజీ పోయాడన్న వార్త వచ్చింది. హాస్టల్ రూమ్మేట్‌కి మెసేజ్ పెట్టాను, వాడిప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి, ఏ బ్యాండూ వినడు. "ఆ సీడీ ఇంకా ఉందారా?" అని అడిగితే, "నువ్వే తీసుకెళ్ళావు కదరా" అన్నాడు. అటక మీద వెతకాలి.