గుంతకల్లు ఆంటీ, జాజ్ ప్లేట్లు

పాత సామాన్ల అంగడివాళ్లతో నాకు ఎప్పుడూ ఒకటే గొడవ. ఫోన్లో చెప్పే రేటు ఒకటి, ఎదురుగా పోయి నిలబడితే చెప్పే రేటు ఇంకొకటి. గుంతకల్లులో ఒక గుజిరీ అంగడాయన డ్యూక్ ఎల్లింగ్టన్ అనే అమెరికా జాజ్ సంగీతకారుడి ఎల్పీ (పెద్ద రికార్డు ప్లేటు) వచ్చిందని వాట్సాప్‌లో ఫోటో పెట్టి 800కి ఇస్తానన్నాడు. మే నెల ఎండలో కడప నుంచి జనరల్ బోగీలో పడి పోయి దిగేసరికి "రెండు వేలు సార్, బెంగళూరోళ్లు అడుగుతాండారు" అని మొదలుపెట్టాడు. సరే, బేరం అన్నాక ఇవన్నీ ఉంటాయి, ముందు సరుకు చూద్దామని అట్టలోంచి ప్లేటు లాగితే లోపలున్నది హిందీ సినిమా పాటల రికార్డు. అట్ట ఎల్లింగ్టన్‌ది, ప్లేటు ఇంకెవరిదో! ఇదేందన్నా అని అడిగితే "అందరూ కొనేది అట్టే గదా సార్, గోడకి తగిలిస్తాండారు" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. ఆయన అబద్ధం చెప్పలేదు, అందుకే ఇంకా మండింది. ఇప్పుడు పాత రికార్డులు కొనేవాళ్లలో చాలామందికి ముల్లు, మిషను అక్కర్లేదు. కాఫీ షాపు గోడకు వరసగా మేకులు కొట్టి తగిలిస్తే చాలు. వాళ్లు పెంచిన రేట్లకి వినేవాళ్లు బలి. కొత్తగా అచ్చేసిన విదేశీ జాజ్ ఎల్పీ బెంగళూరులో కొనాలంటే 3,000 పైమాటే, పాతదైతే దొరకడమే కష్టం, కడపలో సంగతి అసలు అడగొద్దు. అందుకే గుంతకల్లు అన్నా, గుత్తి అన్నా, డోన్ అన్నా నేను బయల్దేరిపోతాను.

జాజ్ పిచ్చి నాకు అమెరికా నుంచి రాలేదు. మా నాన్నకి హెచ్ఎంవీ ఫియెస్టా ఉండేది, చిన్న పెట్టెలాంటి రికార్డు ప్లేయరు. ఆయన ఘంటసాల ప్లేట్లు, పద్యాల ప్లేట్లు పెట్టేవాడు, మధ్యమధ్యలో పాత హిందీ పాటలు. ఆ హిందీ పాటల్లో అకస్మాత్తుగా ఒక ట్రంపెట్ లేచి అందర్నీ పక్కకి నెట్టేసి వెళ్లిపోయేది. అది ఎవరు వాయించారని వెతుక్కుంటూ పోతే బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో పనిచేసిన గోవా వాళ్లు బయటపడ్డారు. పగలు స్టూడియోలో సినిమా పాట, రాత్రి హోటల్లో జాజ్. వాళ్లలో చిక్ చాకలేట్ అనే ఆయన్ని ఇండియా లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనేవాళ్లు, 1951లో వచ్చిన 'అల్బేలా' పాటల వెనక ఆయన చెయ్యి ఉంది. అక్కడ నుంచి అసలు ఆర్మ్‌స్ట్రాంగ్ దగ్గరికి, ఎల్లింగ్టన్ దగ్గరికి, మైల్స్ డేవిస్ దగ్గరికి పోవడానికి ఎంతసేపు!

రైలు గురించి ఎక్కువ చెప్పను. ఆ లైన్లో తిరిగేవాళ్లకి తెలుసు, ఎర్రగుంట్ల దాకా నిలబడటం, ముద్దనూరులో ఎవరైనా దిగితే కూర్చోవడం, తాడిపత్రి వచ్చేసరికి చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోవడం. ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల గుట్టలు కనిపిస్తే మాత్రం ప్రతిసారీ సంతోషమే. మా ఇంట్లో టర్న్‌టేబుల్ కింద ఉన్నది నల్లటి కడప బండే. బయట లారీ పోయినా, పిల్లలు గెంతినా ముల్లు ఎగరదు. దీనికోసమని బయటిదేశాల్లో వేలకు వేలు పోసి స్లేటు పలకలు కొనుక్కుంటారు, మనకి ఆటో కిరాయి ఇస్తే ఇంటికొస్తుంది.

మళ్లీ అంగడికి వస్తాను. కోపంతో బయటికి రాబోతుంటే మూలన గోనెసంచి మీద డెబ్బై ఎనిమిది ఆర్‌పీఎం ప్లేట్లు (నిమిషానికి డెబ్బై ఎనిమిది సార్లు తిరిగే పాత రకం) పరిచి ఉన్నాయి, పని కుర్రాడు వాటిని తుడుస్తున్నాడు. చేతిలో శానిటైజర్ సీసా! "రేయ్ తమ్ముడూ ఆపు" అని అరిచి చెయ్యి పట్టుకున్నాను. ఆ ప్లేట్లు ప్లాస్టిక్ కాదు, లక్క. లక్కపురుగు పెట్టే జిగురులో రాతిపొడి కలిపి అచ్చుపోసినవి. ప్రపంచమంతా రికార్డులకి వాడిన లక్కలో పెద్ద భాగం మన దేశపు అడవుల్లోంచి పోయిందే. దాని మీద స్పిరిట్ పడితే పైపొర కరిగిపోతుంది, పాట కూడా దాంతోపాటే పోతుంది. కుర్రాడు భయపడి సీసా కింద పెట్టాడు. అప్పటికే ఒక ప్లేటు మీద వేళ్లంత వెడల్పున తెల్లటి మరక, అక్కడ గీతలన్నీ అలుక్కుపోయాయి. వీటిని ఎక్కడ నుంచి తెచ్చారు రా అంటే, యజమాని అటు తిరిగిన సమయం చూసి, రైల్వే కాలనీ వైపు ఒక ఇల్లు చెప్పాడు. "ఇంగా శానా ఉండాయి సార్, ఆ అమ్మ మాకు ఇయ్యనన్నాది."

స్టేషన్ బయట ఉగ్గాని, బజ్జీ తిని (అది మాత్రం రేటు పెరిగినా రుచి తగ్గలేదు, మిరపకాయ బజ్జీ కడపలో ఇంత బాగా వెయ్యరు) ఎండ కాస్త వాలాక ఆ ఇల్లు వెతుక్కుంటూ పోయాను.

గుంతకల్లులో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉండేవని తెలుసు. డ్రైవర్లు, గార్డులు, ఫోర్‌మెన్లు. ఇప్పుడు చాలామంది పెర్త్‌కో మెల్‌బోర్న్‌కో వెళ్లిపోయారు. తలుపు తీసినామె పూల గౌను వేసుకుంది, ఎనభై దాటి ఉంటాయి. ఇంగ్లీషులో మొదలుపెట్టాలా అని నేను ఆలోచిస్తుంటే "ఎవురు బాబూ? ప్లేట్ల కోసం వచ్చినావా? ఎండలో నిలబడొద్దు, లోపలికి రా" అంది. అచ్చం మా మేనత్త మాట.

"వాళ్లకెందుకు ఇవ్వలేదు ఆంటీ?"

"ఆ పిల్లోడు నా ముందరే ఒకటి కింద ఏసి పగలగొట్టినాడు. సగం ఇచ్చి పొమ్మన్నా."

మంచం కింద నుంచి రేకుపెట్టె లాగాను. ఒక్కో ప్లేటు పావు కిలోకి అటూ ఇటూ ఉంటుంది, పెట్టె కదల్లేదు, ఇద్దరం కలిసి లాగాం. కాగితపు కవర్లు చెదలు తినేశాయి గానీ ప్లేట్లు బాగున్నాయి. హెచ్ఎంవీ కుక్క బొమ్మ, కొలంబియా, పార్లోఫోన్, చాలావరకు కలకత్తా దగ్గర డం డం ఫ్యాక్టరీలో అచ్చయినవి. ఇంగ్లండులో 1960కే డెబ్బై ఎనిమిది ప్లేట్లకి కాలం చెల్లిపోతే మన దగ్గర బీటిల్స్ పాటలు కూడా ఆ ప్లేట్ల మీదే వచ్చాయి. కరెంటు లేని ఊళ్లలో కీ తిప్పే గ్రామఫోన్లే ఉండేవి మరి.

ఆమె భర్త స్టీమ్ ఇంజన్ డ్రైవరుగా చేసి పోయారట. డ్యూటీ లేని రోజుల్లో రైల్వే వాళ్ల క్లబ్బు, అంటే రైల్వే ఇన్‌స్టిట్యూట్ బ్యాండులో ట్రంపెట్ వాయించేవారు. క్రిస్మస్‌కి, న్యూ ఇయర్‌కి డ్యాన్సులు. నోట్సు కాగితాలు దొరికేవి కావు కాబట్టి ఆయన ఈ ప్లేట్లు పెట్టుకుని, పక్కనే ట్రంపెట్ పట్టుకుని, ముక్క ముక్క ఆపి మళ్లీ పెట్టి నేర్చుకునేవారట. గుంతకల్లులో! నేను జాజ్ కోసం బెంగళూరు వైపు చూస్తూ పెరిగాను. మా పక్క జిల్లాలో, బొగ్గు ఇంజన్ దిగి స్నానం చేసి వచ్చిన మనిషి మధ్యాహ్నం పూట అమెరికా బ్యాండు నాయకుడు గ్లెన్ మిల్లర్‌ని సాధన చేశాడని నాకు ఎవరూ చెప్పలేదు.

నా వెంట ఎప్పుడూ ఒక సూట్‌కేస్ ప్లేయరు ఉంటుంది. దాని బరువైన చెయ్యి ఎల్పీలకి మంచిది కాదు, సరుకు పరీక్షించడానికి మాత్రమే. డెబ్బై ఎనిమిదికి వేరే ముల్లు వెయ్యాలి, ఎల్పీ ముల్లు సన్నం, ఆ వెడల్పు గాడిలో అడుగుకి దిగిపోయి దుమ్ము చప్పుడే వినిపిస్తుంది. ముల్లు మార్చి, ఆంటీ తీసి ఇచ్చిన 'ఇన్ ది మూడ్' పెట్టాను, గ్లెన్ మిల్లర్ 1939లో రికార్డు చేసింది. శాక్సఫోన్లు మొదలయ్యాయి. ఆమె రెండు నిమిషాలు కూడా వినలేదు, చెయ్యెత్తింది.

"తొందరగా పోతాంది బాబూ. మా ఆయన దీంతో కలిపి వాయించేది, ఇట్ల ఉండదు సుతి."

ఇంట్లో సరిచేసి తెచ్చిన మిషను అది. అయినా సంచిలోంచి స్ట్రోబు కాగితం తీశాను. గుండ్రంగా 77 గీతలు ఉంటాయి దాని మీద, ప్లేటు మీద పెట్టి పాత ట్యూబులైటు వెలుగులో చూస్తే స్పీడు సరిగ్గా ఉన్నప్పుడు గీతలు కదలకుండా నిలబడతాయి. మన 50 హెర్ట్‌జ్ కరెంటు లెక్కకి సరిపోయేట్టు వేసిన గీతలవి. ఆమె ఇంట్లో చోక్ ఉన్న పాత ట్యూబులైటు ఉండటం అదృష్టం. చూస్తే గీతలు మెల్లగా ముందుకి పాకుతున్నాయి. ప్రయాణంలో స్క్రూ కదిలిందో, ఎండకి మోటారు మారిందో, స్పీడు నిజంగానే ఎక్కువైంది. అరవై ఏళ్ల కిందటి సాధన వినీ వినీ ఆమె చెవిలో ఆ శ్రుతి అట్లాగే ఉండిపోయింది!

నాకు వెంటనే మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' గుర్తొచ్చింది. 1959 మార్చిలో రికార్డు చేసిన మొదటి మూడు పాటలూ రికార్డు చేసేటప్పుడు టేపు మిషను ఒకటి నిదానంగా తిరగడం వల్ల, మామూలు స్పీడులో మోగిస్తే ఎల్పీలో కాస్త స్పీడుగా, శ్రుతి పైకి వచ్చాయి. దాన్ని సరిచేసి విడుదల చేసేసరికి 1992 అయింది. అన్నేళ్లు లక్షలమంది చేతుల్లో తిరిగిన ప్లేటు అది. దాంతో కలిపి సాధన చేసిన వాళ్లకి మాత్రం తమ వాయిద్యం ఆ మొదటి వైపుతో కలవదని తెలిసేది.

ప్లేయరు తిరగేసి అడుగున ఉన్న చిన్న రంధ్రంలో స్క్రూడ్రైవర్ పెట్టి కొంచెం కొంచెం తిప్పాను. "ఇంగా కొంచెం... ఇంగా... ఆఁ, సాలు" అని ఆమే చెప్పింది. స్ట్రోబు పెట్టి చూస్తే గీతలు నిలబడ్డాయి.

మళ్లీ మొదటి నుంచి పెట్టాం. ఆ పాట చివర్లో ఒక గమ్మత్తు ఉంది. అదే ముక్క మళ్లీ మళ్లీ వస్తూ ప్రతిసారీ సన్నగా, ఇంకా సన్నగా అయిపోయి, ఇంక అయిపోయిందిలే అనుకునేసరికి బ్యాండు మొత్తం ఒక్కసారి విరుచుకుపడుతుంది. ఇన్‌స్టిట్యూట్‌కి కొత్తగా వచ్చిన కుర్రాళ్లు సన్నబడ్డ చోట ఆగిపోయి చప్పట్లు కొట్టేవాళ్లట, పాతవాళ్లు నవ్వుతూ ఆడుతూనే ఉండేవాళ్లట. ప్లేటు లైటు కింద వంచి చూశాను. మిగతా అంతా నల్లగా మెరుస్తుంటే గట్టిగా వాయించే చోట్ల గాడి బూడిదరంగుకి తిరిగింది, ఇనుప ముళ్లు తిన్న చోటు అది. రికార్డుల గ్రూపుల్లో అయితే ఈ ప్లేటుకి మార్కులు రావు, గీత లేని సరుకు కావాలి వాళ్లకి. నాకు ఆ బూడిదరంగే కావాలి. ఈ ఊళ్లో ఏ ముక్క ఎక్కువ విన్నారో, ఎక్కడ ఆపి మళ్లీ పెట్టారో దాని మీద రాసి ఉంది.

బేరం ఆమే మొదలుపెట్టింది. అన్నీ కలిపి 3,000. నేను ఒక్క మాట తగ్గించమనలేదు. ఆమె నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని, ఆస్ట్రేలియాలో ఉన్న కూతురు ఇల్లు ఖాళీ చెయ్యమని పోరుతోందని చెప్పి, 'ఇన్ ది మూడ్' ఇంకోసారి పెట్టమంది. పెట్టాను. ఆ తర్వాత దాన్ని కూడా మిగతావాటితో కలిపి నా చేతికే ఇచ్చింది.

తిరుగు రైల్లో ప్లేట్లని నిలువుగా మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాను. పడుకోబెడితే బరువుకి అడుగువి పగులుతాయి, ఎండకి వంగుతాయి, దాని మీద ఎవరో ఉల్లిపాయల సంచి పెట్టబోతే గుత్తి దాకా వాదన. ఎదురుగా కూర్చున్న పెద్దాయన ఇదంతా చూసి "అంత విలువైన సామానా?" అన్నాడు. ముద్దనూరు దగ్గర పల్లె, చెక్కభజన నేర్పుతాడట. ప్లేటు రైల్లో వినిపించలేను కాబట్టి ఫోన్లో 'టేక్ ఫైవ్' పెట్టి ఇయర్‌ఫోన్ ఇచ్చాను. డేవ్ బ్రూబెక్ బృందానిది. బ్రూబెక్ 1958లో మన దేశం వచ్చి మన వాళ్ల లయ విని వెళ్లాడు, మరుసటి సంవత్సరం ఈ పాట వచ్చింది, రాసింది అదే బృందంలో శాక్సఫోన్ వాయించే పాల్ డెస్మండ్. పెద్దాయన కళ్లు మూసుకుని కాసేపు విని, తొడ మీద వేళ్లు వేశాడు. "ఐదు గదా ఇది. తకిట తక, తకిట తక. మేం ముందర తక ఏసి తర్వాత తకిట ఏస్తాం, వీళ్లు తిరగేసినారు." అంటే ఖండచాపు, ఐదు అక్షరాల తాళం. తాడిపత్రి దాటేదాకా ఇయర్‌ఫోన్ తిరిగి ఇవ్వలేదు.

ఆంటీ మరిది ఇంట్లో ఎల్పీల పెట్టె ఇంకొకటి ఉందట, వానలు పడ్డాక కబురు చేస్తానంది. ఈలోగా ఒక మాట. గుంతకల్లు, గుత్తి, డోన్, రేణిగుంట, ఎక్కడైనా సరే, మీ ఇళ్లలో పాత రైల్వే వాళ్లు ఉండి అటక మీద ఇట్లాంటి ప్లేట్లు ఉంటే గుజిరీకి వెయ్యకండి. స్పిరిట్ పెట్టి తుడవకండి, తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డ చాలు, వెంటనే ఆరబెట్టండి, ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలువుగా పెట్టండి. నాకు అమ్మక్కర్లేదు. ఒకసారి మోగిస్తే చాలు, మిషను నేనే తెస్తాను.