మామిడి గుజ్జు పరిశ్రమకు చోటు వెతికిన అనుభవం

మామిడి గుజ్జు తయారుచేసే ఒక చిన్న పరిశ్రమను చిత్తూరు జిల్లాలో నెలకొల్పడానికి మా బంధువులం నలుగురం పూనుకున్నప్పుడు, అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టింది స్థలం ఎంపికకే. పెట్టుబడి ఎంత కావాలి, యంత్రాలు ఎవరి దగ్గర కొనాలి అన్న ప్రశ్నలకు జవాబులు త్వరగానే దొరికాయి. పరిశ్రమ ఎక్కడ ఉండాలన్నది మాత్రం పండు స్వభావం, నీరు, విద్యుత్తు, రేవు దూరం, ప్రభుత్వ విధానం అన్నీ కలిపి చూసి తేల్చుకోవలసి వచ్చింది. ఈ దారిలో రాబోయేవారికి ఉపయోగపడుతుందన్న ఆశతో ఆ వివరాలు రాస్తున్నాను.

తయారీలో బరువు తగ్గిపోయే ముడిసరుకును వాడే పరిశ్రమ ఆ సరుకు దొరికే చోటికి దగ్గరగా ఉండాలని జర్మన్ ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ వెబర్ 1909లో చెప్పిన సూత్రాన్ని డిగ్రీలో చదువుకున్నాను. తోతాపురి మామిడికి అది అక్షరాలా వర్తిస్తుంది. తొక్క, టెంక, పీచు పోగా పండు బరువులో సుమారు సగమే గుజ్జుగా మిగులుతుంది. పైగా పండు నిలవ ఉండదు. కాయను పచ్చిగా కొని, ఇథిలీన్ వాయువు పెట్టిన గదుల్లో మాగబెట్టి, మాగిన వెంటనే యంత్రానికి ఎక్కించాలి. ఆలస్యమైతే కుళ్లు మొదలవుతుంది. అదే పండు గుజ్జుగా మారి, సూక్ష్మజీవులు లేని సంచిలోకి చేరి, 215 కిలోల డ్రమ్ములో కూర్చున్న తరువాత శీతల గిడ్డంగి లేకుండానే ఏడాది దాటి నిలుస్తుంది. ఇరవై అడుగుల కంటైనర్‌లో అలాంటి డ్రమ్ములు 80 పడతాయి. పండు ప్రయాణం వీలైనంత తక్కువగా ఉండాలి, గుజ్జు మాత్రం సముద్రాలు దాటి వెళ్లగలదు. ఈ పరిశ్రమ ఇటు చిత్తూరులోనూ, సరిహద్దు అవతల తమిళనాడులోని కృష్ణగిరిలోనూ తోటల నడుమనే పెరగడానికి కారణం అదే. చిత్తూరు నుంచి చెన్నై రేవు సుమారు 160 కిలోమీటర్ల దూరంలో ఉండటం మరో అనుకూలత.

మా ముందు మూడు చోట్లు ఉండేవి. తిరుపతి వైపు ఒక పారిశ్రామికవాడలో ప్లాటు, కృష్ణగిరి దగ్గర అమ్మకానికి వచ్చిన ఒక పాత షెడ్డు, బంగారుపాళ్యం పరిసరాల్లో మా కుటుంబానికి తెలిసిన పట్టా భూమి. పారిశ్రామికవాడలో భూమి మార్పిడి, అంటే వ్యవసాయ భూమిని పరిశ్రమ భూమిగా మార్పించుకునే సమస్య లేదు, రోడ్డు, కరెంటు గేటు దాకా వచ్చి ఉన్నాయి, కానీ మామిడి తోటలు దూరం. కృష్ణగిరిలో గుజ్జు పరిశ్రమకు అలవాటుపడిన పనివాళ్లు, మరమ్మతుదారులు, డ్రమ్ముల వ్యాపారులు అందరూ ఒకేచోట దొరుకుతారు. ఒక పరిశ్రమ చుట్టూ అల్లుకునే ఈ వసతికి లెక్కల్లో విలువ కట్టడం కష్టం గాని, సీజన్ మధ్యలో ఒక పంపు చెడిపోయిన రాత్రి దాని విలువ తెలుస్తుంది. అయితే మాకు పండు ఇవ్వగల రైతులందరూ ఇటువైపే ఉన్నారు. దామలచెరువు, బంగారుపాళ్యం మార్కెట్లలోనూ, రోడ్డు పక్క కాయలు కొనే ర్యాంపుల దగ్గరా మా వాళ్లకు తరతరాల పరిచయాలున్నాయి. రెండు మూడు నెలల్లో ముగిసిపోయే సీజన్‌లో పండు నమ్మకంగా అందడం అన్నిటికన్నా ముఖ్యమని తేల్చుకుని, పట్టా భూమి వైపు మొగ్గాము.

అప్పుడు నీటి ప్రశ్న ఎదురైంది. పండు కడగడానికి, బాయిలర్‌కు, యంత్రాల శుద్ధికి, చల్లబరచడానికి రోజూ నీరు కావాలి. చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో వెయ్యి అడుగులు దించినా నీరు పడని బోర్లు ఎన్నో ఉన్నాయి. మేము చూసిన భూమిలో అప్పటికే ఉన్న బోరును పరీక్షించిన తీరు నాకు బాగా గుర్తుంది. మోటారు నీటిని ఒక తొట్టిలోకి వదిలి, తొట్టి చివర బిగించిన, వీ ఆకారంలో గాటు ఉన్న రేకు మీదుగా పొర్లే నీటి ఎత్తును స్కేలుతో కొలిచారు. మొదట రెండున్నర అంగుళాలు చూపించిన నీరు, మోటారు ఆపకుండా నడిపిన కొద్దీ తగ్గుతూ, సాయంత్రానికి ఒకటిన్నర దగ్గర నిలిచింది. పరీక్ష చేసిన పెద్దాయన "మొదటి కొలత చూసి మురిసిపోవద్దయ్యా, ఆఖరి కొలతే మీది" అన్నారు. ఆ ఆఖరి కొలత మీదనే మా ఉత్పత్తి సామర్థ్యాన్ని నిర్ణయించాము. అంతకంటే పెద్ద యంత్రానికి అప్పు దొరుకుతుందని తెలిసినా పెట్టలేదు. భూగర్భ జలాల వాడకానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కూడా తీసుకోవలసి ఉంటుంది.

విద్యుత్తు విషయంలో చాలామంది యూనిట్ ధరనే చూస్తారు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలపై విద్యుత్ సుంకం యూనిట్‌కు 6 పైసల నుంచి 1 రూపాయికి పెరిగినప్పుడు ఆ భారం అందరికీ తెలిసివచ్చింది. మా పనిలో అంతకంటే కీలకమైనది అంతరాయం లేని సరఫరా. గుజ్జును వేడిచేసి నింపే యంత్రం నడుస్తుండగా కరెంటు పోతే, లోపలి శుద్ధస్థితి పోతుంది. మొత్తం వ్యవస్థను మళ్లీ ఆవిరితో శుద్ధి చేసేదాకా ఉత్పత్తి మొదలుపెట్టలేము, ఆ లోపు మాగిన పండు ఆగదు. అందుకని పొలాల మోటార్లకు కరెంటు ఇచ్చే వ్యవసాయ ఫీడర్ మీద ఆధారపడే వీలు లేదు. సబ్‌స్టేషన్ నుంచి విడిగా 11 కేవీ లైను వేయించుకోవడానికి అయ్యే ఖర్చు దూరాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, తోటలకు దగ్గరగా ఉన్న రెండు సర్వే నంబర్లలో సబ్‌స్టేషన్‌కు చేరువలో ఉన్నదాన్నే ఎంచుకున్నాము. ఇంకొక సంగతి: హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ ఉన్నవారు వాడినా వాడకపోయినా ఒప్పుకున్న డిమాండ్‌లో, అంటే ఒప్పందంలో రాసుకున్న గరిష్ఠ విద్యుత్ భారంలో, కనీసం 80 శాతానికి డిమాండ్ ఛార్జీ చెల్లించాలి. సీజనల్ పరిశ్రమగా ముందే ప్రకటించుకుంటే మిగతా నెలల్లో కొంత వెసులుబాటు ఉంటుంది. దీన్ని దరఖాస్తు దశలోనే అడగాలి.

అనుమతుల దశ గురించి అందరూ భయపెడతారు గాని, అన్ని శాఖల అనుమతులకూ ఒకేచోట దరఖాస్తు చేసే సింగిల్ డెస్క్ పోర్టల్ వచ్చిన తరువాత కాగితం ఎక్కడ ఆగిందో కనీసం కంటికి కనిపిస్తుంది. భూమి మార్పిడి, కాలుష్య నియంత్రణ మండలి నుంచి స్థాపనకు ఒకటి, నడపడానికి మరొకటిగా రెండు సమ్మతులు, ఫ్యాక్టరీల శాఖ, బాయిలర్ల శాఖ, అగ్నిమాపక శాఖ, ఆహార భద్రత లైసెన్సు, ఎగుమతికి అపెడా (వ్యవసాయ ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) నమోదు అన్నీ వరుసగా వచ్చాయి. వీటిలో ముందుగా ఆలోచించవలసినది మురుగునీటి శుద్ధి. పండ్లు కడిగిన నీటిలో చక్కెర, పీచు ఎక్కువగా ఉంటాయి. శుద్ధి చేయకుండా వదిలితే కింద ఉన్న చెరువు కుళ్లుతుంది. శుద్ధి ప్లాంటుకు స్థలం మొదటి నక్షాలోనే చూపించినందువల్ల మాకు ఆ సమ్మతి సులభమైంది.

ఇక పారిశ్రామిక విధానం. 2024లో ప్రకటించిన ఆంధ్రప్రదేశ్ ఆహారశుద్ధి విధానమైనా, పొరుగు రాష్ట్రాల విధానాలైనా, పెట్టుబడి మీద రాయితీ చుట్టూనే ఎక్కువగా మాట్లాడతాయి. మా రుణాన్ని పరిశీలించిన బ్యాంకు అధికారి ఒకరు, "రాయితీ వస్తే మంచిదే సార్, వాయిదాలు కట్టే లెక్కలో మాత్రం దాన్ని వేసుకోవద్దు" అన్నారు. ఎప్పుడు చేతికందుతుందో చెప్పలేని సొమ్ము పరిశ్రమ చోటును నిర్ణయించజాలదు. అలాగని విధానానికి బలం లేదని నేననను. 1950ల నుంచి 1993 వరకు కేంద్రం అమలుచేసిన రవాణా ఛార్జీల సమీకరణ వల్ల ఉక్కు దేశమంతటా ఒకే ధరకు దొరికి, గనులున్న బీహార్, ఒడిశా, పశ్చిమ బెంగాల్ తమ సహజ అనుకూలతను కోల్పోయాయి. మన దగ్గర పెనుకొండ సమీపంలోని ఎర్రమంచికి 2017లో కియా కార్ల కంపెనీ రావడానికి బెంగళూరు, చెన్నైల చేరువతో పాటు, కరువు నేలకు హంద్రీ-నీవా కాలువ పథకం ద్వారా గొల్లపల్లి జలాశయానికి నీరు చేరడం కూడా తోడ్పడింది. నీరు, లైను, రోడ్డు తెచ్చే విధానం పరిశ్రమను నిలబెడుతుందని నా గట్టి నమ్మకం. పెద్ద కంపెనీకి చేసిన ఆ ఏర్పాటే చిన్న పరిశ్రమల సమూహాలకూ చేయాలి.

విధానం ఒక్క ఉత్తర్వుతో చోటు విలువను ఎలా మార్చగలదో 2025 సీజన్‌లో చూశాము. తోతాపురి ధర పడిపోయినప్పుడు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం మరో 4 రూపాయలు కలుపుతుందని నిర్ణయించారు. ఆ జూన్‌లోనే ఇతర రాష్ట్రాల తోతాపురి చిత్తూరు జిల్లాలోకి రాకుండా నిలిపివేశారు. దానిపై కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య లేఖ రాశారు. గేట్ల ముందు ట్రాక్టర్ల వరుసలు చూసిన వాడిగా, జిల్లా రైతు పండునే ముందు కొనాలన్న ఉద్దేశం న్యాయమైనదే అంటాను. కానీ బెంగళూరు రోడ్డు మీద ఉన్న మాలాంటి వాళ్లు కర్ణాటకలోని శ్రీనివాసపురం పండును కూడా లెక్కలో వేసుకునే చోటు ఎంచుకుంటారు. ఇలాంటి నిర్ణయాలు పూత దశలోనే తెలిస్తే ఉత్పత్తిని, కొనుగోలును ముందే సర్దుకోవచ్చు.

ఏడాదిలో ఎక్కువ నెలలు యంత్రాలు ఖాళీగా ఉండటం మా అందరికీ బాధగా ఉంది. జామ, బొప్పాయి కొంతవరకు నడిపాము. ఇప్పుడు మదనపల్లె, పలమనేరు టమాటాతో గుజ్జు తీసే వరుసను జోడించాలని అనుకుంటున్నాము. దానికి కొత్త యంత్రాలకంటే ముందు రెండో బోరు పరీక్ష, అదనపు లోడుకు సబ్‌స్టేషన్‌లో వెసులుబాటు తేలాలి. ఆ రెండు దరఖాస్తులూ పెట్టాము.