పికప్పా, ఆల్టోనా?

చీపురుపల్లి నుంచి విజయనగరంలోని నా ఉద్యోగానికి రానుపోను సుమారు 60 కిలోమీటర్లు. మామిడి తోట కోసం కొన్న పికప్ వాకిట్లోనే ఉండగా వేరే బండి దండగ అనుకుని, మూడేళ్లు దానిలోనే తిరిగాను. లీటరు డీజిలుకు 12 కిలోమీటర్లు దాటని ఆ బండి రోజుకు 5 లీటర్లు తాగేది. మొన్న సంక్రాంతికి కొన్న పాత ఆల్టో అదే దూరానికి 3 లీటర్ల పెట్రోలుతో సరిపెట్టుకుంటోంది. పెట్రోలు ధర ఎక్కువైనా, 25 పని దినాల లెక్కన నెలకు దాదాపు నాలుగు వేలు మిగులుతున్నాయి.

ఇక బీమా సంగతి. 2022లో ప్రకటించిన థర్డ్ పార్టీ బీమా (మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి చేసేది) ధరల ప్రకారం వెయ్యి సీసీ లోపు సొంత కారుకు 2,094 రూపాయలు కాగా, 7,500 కిలోల లోపు సరుకు రవాణా వాహనానికి 16,049 రూపాయలు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష కూడా చేయించాలి. ఈ తేడా మొత్తాన్ని ఆదా కింద రాసుకుంటుంటే మా ఆవిడ నవ్వి, "తోటకి పికప్ ఎలాగూ ఉంచుతారు కదండీ, ఆ డబ్బు ఎక్కడ మిగిలింది?" అని అడిగింది. నిజమే, ఆ పద్దు కొట్టేస్తే, ఆల్టోకు పెట్టిన లక్షన్నర తిరిగి రావడానికి మూడేళ్లు దాటుతుంది.

అయినా నాకు విచారం లేదు. ఖాళీ పికప్ గతుకుల్లో ఎగిరెగిరి పడి, ఆఫీసు చేరేసరికి క్యారియర్‌లోని పప్పుచారు సగం సీటు మీదే ఉండేది. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు నిలిచిన రోజున మాత్రం ఇప్పటికీ పికప్ తాళమే తీస్తున్నాను.