వై పోయె జెడ్ వచ్చె ఢాం ఢాం ఢాం

జర్మనీలో ఉద్యోగంలో చేరిన మొదటి వారమంతా నా పాస్‌వర్డ్ ఏమిటో నాకే తెలియదు. రోజూ పొద్దున్నే దాంతోనే కంప్యూటర్ తెరుస్తున్నాను, పని చేసుకుంటున్నాను, సాయంత్రం కట్టేసి ఇంటికి పోతున్నాను. అయినా తెలియదు.

చేరిన రోజు ఐటీ వాళ్ళు కాయితం మీద ఓ తాత్కాలిక పాస్‌వర్డ్ రాసిచ్చి, లోపలికి వెళ్ళగానే మార్చుకోమన్నారు. ష్టుట్‌గార్ట్‌లో జనవరి నెల. బయట మంచు, లోపల అన్నీ కొత్త ముఖాలు. ఏం పెట్టాలో తోచక మా ఊరి పేరు పెట్టేశాను. విజయవాడ, దాని వెనక @, ఆ వెనక నాలుగంకెలు. (సెక్యూరిటీ తెలిసినవాళ్ళు తిట్టకండి, ఎప్పుడో మార్చేశాను.) చుక్కలు తప్ప ఏమీ కనపడని గడిలో రెండుసార్లూ ఒకేలా కొట్టాను. ఒప్పుకుంది. శుక్రవారం రాత్రి ఇంట్లో, హైదరాబాదు నుంచి వెంట తెచ్చుకున్న నా ల్యాప్‌టాప్‌లో ఆఫీసు మెయిల్ తెరవబోతే తప్పు అంది. మళ్ళీ కొట్టాను, తప్పంది. ఇంకో రెండుసార్లు కొట్టేసరికి ఖాతాకి తాళం పడింది.

సోమవారం హెల్ప్‌డెస్క్ పెద్దాయన నన్ను పక్కన కూచోబెట్టుకుని నోట్‌ప్యాడ్ తెరిచాడు. "ఇక్కడ కొట్టండి, ఇద్దరికీ కనపడేలా. ఎలాగూ మార్చేద్దాం" అన్నాడు. కీబోర్డు వంక చూడకుండా టపటపా కొట్టాను. తెర మీద విజయవాడ లేదు. వై ఉండాల్సిన చోట జెడ్ ఉంది, @ ఉండాల్సిన చోట డబుల్ కోట్ ఉంది. వాళ్ళ భాషలో జేని య అని, జెడ్‌ని త్స అని పలుకుతారు కాబట్టి ఆయన కూడబలుక్కుని "వియత్సవాడ?" అని చదివాడు. వారం రోజులుగా నేను వియత్సవాడ నుంచి రాకపోకలు సాగిస్తున్నానన్నమాట.

జర్మన్ కీబోర్డులో వై, జెడ్ స్థానాలు మారి ఉంటాయి. జర్మన్ భాషలో జెడ్ అడుగడుగునా తగులుతుంది, వై మాత్రం ఎక్కువగా పరభాషల నుంచి వచ్చిన మాటల్లోనే కనపడుతుంది. అందుకని జెడ్‌ని నడిమధ్య టీ పక్కన కూచోబెట్టి, వైని కింద ఎడమ మూలకి తోసేశారు. వాళ్ళ లెక్క వాళ్ళకి సబబే. కానీ ఇంగ్లీషులో రాసినప్పుడు మన పేర్లలో వై లేనిది వెతుక్కోవాలి. రెడ్డి, స్వామి, మూర్తి, సత్యనారాయణ, సుబ్బయ్య, ఎవర్ని తీసుకున్నా ఎక్కడో ఒకచోట వై తగులుతుంది. చిన్నప్పుడు మా అమ్మమ్మ చెప్పిన కథలో కోతికి తోక పోయి కత్తి వచ్చినట్టు, మొదటి రెండు మూడు వారాలూ నాకు వై పోయి జెడ్ వచ్చింది.

పాస్‌వర్డ్ సంగతి ఒక్కరోజుతో తీరిపోయింది. రోజూ ఏడిపించింది అన్‌డూ. కంట్రోల్ పట్టుకుని కింద ఎడమ మూల కీ నొక్కడం వేళ్ళకి పదేళ్ళ అలవాటు. ఇక్కడ ఆ మూలలో ఉన్నది వై, అంటే రీడూ. తప్పు దిద్దుకుందామని నొక్కితే, దిద్దిన తప్పు తిరిగొచ్చి కూచునేది. పైగా ఆ కంట్రోల్ కీ మీద కంట్రోల్ అని ఉండదు, స్ట్రగ్ అని ఉంటుంది. జర్మన్లో ష్టొయెరుంగ్ అన్నదానికి పొట్టిపేరు. ఎవరో స్ట్రాంగ్ అని రాయబోయి మధ్యలో ఆపేశారనుకున్నాను కొన్నాళ్ళు. డిలీట్ కీ మీద ఎంట్ఫ్ అని, హోమ్ మీద పోస్ 1 అని ఉంటాయి.

నేను రాసేది కార్లలోని కంట్రోల్ యూనిట్లకి సీ ప్రోగ్రాములు. సీ భాషలో దాదాపు ప్రతి పంక్తి చివరా సెమికోలన్ రావాలి, ప్రతి ఫంక్షన్‌కీ మీసాల బ్రాకెట్లు కావాలి. అమెరికన్ కీబోర్డులో ఈ బ్రాకెట్లు పీ పక్కనే ఉంటాయి, షిఫ్ట్ పట్టుకుని చిటికెన వేలు చాపితే చాలు. జర్మన్లో { కావాలంటే కుడి బొటనవేలితో స్పేస్ బార్ కుడివైపునుండే ఆల్ట్‌జీఆర్ పట్టుకుని అదే చేతి వేలితో 7 నొక్కాలి. } కావాలంటే 0. చదరపు బ్రాకెట్లు 8, 9 మీద ఉన్నాయి. బొటనవేలు ఒక దిక్కు, మిగతా వేళ్ళు ఇంకో దిక్కు, చెయ్యంతా కూచిపూడి ముద్రలాగా వంకర తిరిగేది. సెమికోలన్‌కి షిఫ్ట్ పట్టుకుని కామా నొక్కాలి. రోజుకి కొన్ని వందలసార్లు ఈ విన్యాసం. మూడో వారంలో నా పక్క సీటు జర్మన్ అబ్బాయి చూసి జాలిపడి, "నేను కోడ్ రాసేది అమెరికన్ లేఅవుట్‌లోనే, నువ్వెందుకు అవస్థ పడుతున్నావు?" అన్నాడు. నేనేమో ఇక్కడికొచ్చాక ఇక్కడిదే వాడాలి కాబోలు అని బుద్ధిమంతుడిలా నెట్టుకొస్తున్నాను!

ఆ రోజే అమెరికన్ లేఅవుట్ పెట్టుకున్నాను. (కీబోర్డు అదే, ఏ కీ నొక్కితే ఏ అక్షరం పడాలో చెప్పే అమరిక మాత్రం మారుతుంది.) ప్రాణం లేచొచ్చింది. సంబరంలో జర్మన్‌ని పూర్తిగా తీసిపారేశాను కూడా. ఆ తప్పుకి ఫలితం రెండు వారాల్లో కనపడింది. టెస్టింగ్ వాళ్ళకి జర్మన్లో ఓ మెయిల్ రాశాను, బండి స్టార్ట్ చేసేముందు ఫలానా బటన్ నొక్కండి అని. నొక్కడానికి వాళ్ళ మాట ద్ర్యుకెన్, అందులో యూ అక్షరం మీద రెండు చుక్కలుండాలి. చుక్కలు లేకపోతే ద్రుకెన్ అవుతుంది, దానర్థం ప్రింట్ చేయడం. నా లేఅవుట్‌లో చుక్కల యూ లేదు కాబట్టి చుక్కలు లేకుండానే రాసి పంపాను. గంట తర్వాత, ఎర్ర బటన్ ఫొటోని ఏ4 కాయితం మీద పెద్దగా ప్రింట్ తీసి, కింద "మీరు అడిగినట్టే" అని రాసి నా టేబుల్ మీద పెట్టిపోయారు. జర్మన్లకి హాస్యం ఉండదని ఎవరన్నారో గానీ!

చుక్కలకి బదులు పక్కన ఒక ఈ చేర్చి రాయొచ్చు, అది ఒప్పుకునే పద్ధతే. కానీ మనిషి పేరులో చుక్కలుంటే చుక్కలే పెట్టాలి. మన పేరుని ఎవరైనా ఒత్తు లేకుండా రాస్తే మనకెలా ఉంటుందో వాళ్ళకీ అలాగే ఉంటుంది. కాబట్టి రెండూ కావాలి, కోడ్‌కి ఒకటి, ఉత్తరాలకి ఒకటి.

విండోస్‌లో పెట్టుకోవడం కష్టమేం కాదు. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌కి వెళ్ళి, భాషల జాబితాలో ఉన్న భాష పక్కన మూడు చుక్కలు నొక్కితే ఆ భాష కింద ఎన్ని కీబోర్డులైనా తగిలించుకోవచ్చు. జర్మన్ భాష కిందే అమెరికన్ కీబోర్డు పెట్టుకోవచ్చని చాలామందికి తెలియదు. విండోస్ కీ పట్టుకుని స్పేస్ కొడుతూ పోతే అన్నీ వరసగా తిరుగుతాయి. ఈ తిరగడమే నాకు నచ్చదు. రెండుంటే ఫరవాలేదు, మూడోది చేరిందంటే ఇప్పుడు ఎందులో ఉన్నానో తెలుసుకోవడానికి ప్రతిసారీ తెర కింది మూలకి చూడాలి. దానికన్నా అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్ అని ఉంటుంది, అక్కడ ఒక్కోదానికీ ఒక నంబరు ఇచ్చుకోవచ్చు. నాకు కంట్రోల్ షిఫ్ట్ 1 అమెరికన్, 2 జర్మన్, 3 తెలుగు. పనిలో పనిగా అక్కడే ఉన్న ఎడమ ఆల్ట్ షిఫ్ట్ షార్ట్‌కట్‌ని తీసేయండి. కోడ్ రాసేటప్పుడు ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కే పనులు బోలెడు, మనకి తెలియకుండానే భాష మారిపోయి కూచుంటుంది. అదే పేజీలో ఒక్కో కిటికీకి ఒక్కో లేఅవుట్ గుర్తుపెట్టుకోమనే గడి ఉంది, టిక్ పెట్టుకుంటే మెయిల్ జర్మన్లో, ఎడిటర్ అమెరికన్‌లో, దేని దారిన అవి ఉంటాయి.

మనం పెట్టుకున్నవి లాగిన్ తెరకి వర్తించకపోవచ్చు. కంట్రోల్ ప్యానెల్‌లోని రీజియన్‌లో, అడ్మినిస్ట్రేటివ్ అనే చోట, సెట్టింగ్స్‌ని వెల్‌కమ్ స్క్రీన్‌కి కాపీ చేసే బటన్ ఉంది. ఆఫీసు కంప్యూటర్ అయితే దానికి ఐటీ వాళ్ళని బతిమాలుకోవాలి. దూరంగా ఉన్న కంప్యూటర్‌ని ఇక్కణ్ణుంచే నడిపే రిమోట్ డెస్క్‌టాప్ వాడేవాళ్ళకి ఇంకో చిక్కుంది. జాబితాలో లేని లేఅవుట్ ఒకటి దెయ్యంలా వచ్చి తిరగడం మొదలెడుతుంది, తీసేద్దామంటే సెట్టింగ్స్‌లో కనపడదు. దాన్ని వదిలించుకోవాలంటే ముందు మనమే దాన్ని చేర్చి, ఆ తర్వాత తీసేయాలి. అచ్చం భూతవైద్యమే.

ఇంట్లో లైనక్స్ పెట్టుకున్నాను, డిస్క్ మొత్తానికి తాళం వేసి. అది బూట్ అయ్యేటప్పుడు పాస్‌వర్డ్ అడిగే సమయానికి మనం పెట్టుకున్న డెస్క్‌టాప్ సెట్టింగ్స్ ఏవీ ఇంకా లేచి ఉండవు. ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఏ లేఅవుట్ ఎంచుకున్నామో దాంట్లోనే అడుగుతుంది. అందుకని దానికి వై, జెడ్, గుర్తులు ఏవీ లేకుండా, రెండింట్లోనూ ఒకే చోట ఉండే అక్షరాలూ అంకెలూ మాత్రమే పెట్టుకున్నాను. గుర్తులు లేవు కాబట్టి పొడుగు పెంచాను. వియత్సవాడ నేర్పిన పాఠం.

తెలుగు సంగతికొస్తాను. మా బావకి విజయవాడ గవర్నరుపేటలో డీటీపీ సెంటరు ఉండేది. పెళ్ళిళ్ళ సీజన్‌లో శుభలేఖలు కొడుతూ, కస్టమర్‌తో బేరమాడుతూ, కీబోర్డు వంక ఒక్కసారి కూడా చూసేవాడు కాదు. చూసినా లాభం లేదు, కీల మీద ఉండేవి ఇంగ్లీషు అక్షరాలు. "రాసున్నదాన్ని నమ్మావంటే ఈ జన్మకి నేర్చుకోలేవురా బావమరిదీ" అనేవాడు. నేను నేర్చుకోలేదు. అందరిలాగే ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగుగా మారే పద్ధతికి అలవాటుపడ్డాను. అలా మార్చిపెట్టే లేఖిని అనే వెబ్‌సైటు మీద చాలా ఏళ్ళు బతికాను.

ఇక్కడ మా తెలుగువాళ్ళ ఉగాది ఆహ్వానం రాసే పని నా మీద పడినప్పుడు అది కాస్తా బెడిసికొట్టింది. అలాంటి పనిముట్లు మన చేతికి కాదు, తెర మీదికొచ్చే అక్షరానికి లోబడి పనిచేస్తాయి. జర్మన్ లేఅవుట్ నడుస్తుండగా అలవాటు చొప్పున కొడితే వై రావాల్సిన చోట జెడ్ వెళ్ళేది, య రావాల్సిన చోట జ పడేది. "రండయ్యా" అని పిలవబోతే "రండజ్జా" అని వచ్చింది.

ఇన్‌స్క్రిప్ట్ అని మన భాషల కోసం చేసిన కీబోర్డు అమరిక ఒకటుంది, దానికి ఆ బాధ లేదు. దానికి కీ ఉన్న చోటు ముఖ్యం గానీ పైన ఏం అచ్చేశారో అక్కర్లేదు. ఎడమ చేతి వైపు గుణింతాలు, కుడి చేతి వైపు హల్లులు. విండోస్‌లో తెలుగు భాషని చేరిస్తే అది అందులోనే వస్తుంది. మూడు వారాలు రాత్రిపూట అరగంట కూచున్నాను. తెలుగు అన్న మాట కొట్టాలంటే నా జర్మన్ కీబోర్డు మీద నొక్కాల్సిన కీలు ఎల్, వై, ఎన్, జీ, ఐ, జీ. ఎల్ అంటే త, కింద ఎడమ మూలనున్న వై అంటే ఎత్వం, ఎన్ అంటే ల, జీ అంటే కొమ్ము, ఐ అంటే గ. ద్ర్యుకెన్ దగ్గర నా పరువు తీసిన చుక్కల యూ మీద డ ఉంది. చుక్కల ఓ మీద చ, చుక్కల ఏ మీద ట. య ఎక్కడుందంటే, షిఫ్ట్ పక్కనున్న అడ్డగీత కీ మీద. వై, జెడ్ ఎంత కొట్టుకున్నా దానికేం పట్టదు.

మా పాపకి ఎనిమిదేళ్ళు, ఇక్కడి బడిలోనే చదువుతోంది. నేను అమ్మకి ఉత్తరం కొడుతుంటే వెనక నిలబడి చూసింది. చుక్కల ఓ నొక్కితే చ పడటం చూసి, "నాన్నా, నీ కీబోర్డు పాడైపోయింది" అంది. పాడవలేదమ్మా, నువ్వూ నొక్కు అన్నాను. తన పేరులో ఉన్న డ కోసం చుక్కల యూ నొక్కి, తెర వంకా కీ వంకా మార్చి మార్చి చూసింది. మర్నాడు బడిలో కంప్యూటర్ మీద అదే ప్రయత్నించి, అక్కడ చుక్కల యూ చుక్కల యూగానే పడిందని టీచరుకి ఫిర్యాదు చేసిందట.

మొన్న సెప్టెంబరులో మా టీమ్‌లోకి కొత్త కుర్రాడు వచ్చాడు, మనవాడే. చేరి ఐదు రోజులైంది. శనివారం పొద్దున్నే ఫోన్.

"అన్నా, ఇంటికాడ్నించి మెయిల్ ఓపెన్ అయితలేదు. పాస్‌వర్డ్ కరెక్టే కొడుతున్న. ఆఫీసుల మంచిగనే పనిచేసింది. నిన్న రాత్రి సంది కొట్టంగ కొట్టంగ లాక్ చేసింది."

"పాస్‌వర్డ్ చెప్పకు గానీ, అందులో మీ ఊరి పేరు పెట్టావా తమ్ముడూ?"

కాసేపు ఉలుకూ పలుకూ లేదు. "నీకెట్ల తెలుసన్నా?"

"మీది ఏ ఊరు?"

"మిర్యాలగూడ."

నవ్వాపుకోలేక ఫోన్ పక్కన పెట్టాల్సొచ్చింది. "సోమవారం దాకా ఆగు. హెల్ప్‌డెస్క్ పెద్దాయన దగ్గరికి నేనే తీసుకెళ్తాను. మీ ఊరు ఆఫీసులో మిర్జాలగూడ అయి ఐదు రోజులైంది."